బుస కొట్టని తుపాకి

సార్జెంట్ లుసియానో శనివారం పొద్దున్నే వచ్చి, మెట్ల కింద బల్ల దగ్గర కూర్చుని, రొట్టె కాఫీలో ముంచుకు తింటూ చెప్పాల్సిందంతా చెప్పేశాడు. రేపు అర్ధరాత్రి నుంచి ఎన్నికల కోసం తుపాకుల నిషేధం. ఆ తర్వాత తుపాకి అన్నది గడప దాటితే నేరమే. లైసెన్సులున్న మారాజులవే దాటకూడదన్నప్పుడు, లైసెన్సు మొహం చూడని ఉర్బానో గ్యాస్ తుపాకుల సంగతి వేరే చెప్పాలా. కాబట్టి ఆ మూడింటినీ, చిల్లర గుళ్లు కూరిన వాటి ఇత్తడి తూటాలతో సహా, ఈ రెండు రోజుల్లో స్టేషనుకు తెచ్చి అప్పగిస్తే తాను బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. ఎన్నికలయ్యాక ఎవరి సొత్తు వాళ్లకు.

ఉర్బానో తలెత్తలేదు. మూడింట్లోకీ పాతది అతని ఒళ్లో ఉంది. వాల్వు విప్పి, లోపల ఎండిపోయిన రబ్బరు రింగును వెదురు పుల్లతో తవ్వుతున్నాడు. ఆ పనికి ఇనుము వాడకూడదు. ఇత్తడి గాడిలో వెంట్రుకంత గీత పడినా చాలు, అందులోంచి బుసబుసమని గ్యాస్ కారుతుంది. బల్ల చుట్టూ రైతుల మందు కొట్టే పంపులు రిపేరుకు వచ్చినవి వరస కట్టి ఉన్నాయి. బువ్వ పెట్టేవి అవి. కాని ఇల్లు గలవాడి మనసు ఎక్కడుందో వాటికీ తెలుసు, సార్జెంటుకీ తెలుసు.

"మా నాన్న దీన్ని కొన్ననాడు సామాన్ల కొట్లో సైకిలు పంపుల పక్కన వేలాడేది. ఏం లైసెన్సు, ఎవరు అడిగారు?" అన్నాడు ఉర్బానో.

"అప్పుడది పంపు, ఇప్పుడది తుపాకి. మీ గొట్టం మారలేదు మాంగ్ ఉర్బానో, మా చట్టం మారింది. దానికి మీరేం చేస్తారు, నేనేం చేస్తాను? ఇవాళే ఇచ్చేయండి. సోమవారానికి నేనిక్కడ ఉంటానో లేదో. ఎన్నికలొస్తే మమ్మల్ని పేకముక్కల్లా కలిపి పంచుతారు."

ఇవాళ కాదు, రేపు సాయంత్రం అన్నాడు ఉర్బానో. ఎందుకంటే చెప్పాడు. రింగు ఎండిన తుపాకి గ్యాస్ పట్టదు. గ్యాస్ లేకుండా వట్టిగా నెలల తరబడి బీరువాలో పడి ఉంటే ఉన్న రబ్బరు కూడా ముడుచుకుపోతుంది. ఆ చిత్తడి నేలల అంచున బాతులు వేటాడిన ముసలాళ్లందరూ పాటించిన నియమం ఒకటే, వట్టిది దాచకు. కొంచెం గ్యాస్ కడుపులో ఉంటే రబ్బరు బిగువుగా, ప్రాణంతో ఉంటుంది. ఆ ముసలాళ్లు పోయారు, బాతులను కొట్టే రోజులూ పోయాయి. వాళ్ల పెళ్లాలు వంటింటి మూలల్లోంచి తీసి తెచ్చిన తుపాకులు మాత్రం ఉర్బానో గోడకు చేరాయి. చచ్చిన తుపాకిని చేతులారా అప్పగించడానికి అతనికి మనసొప్పలేదు. సార్జెంటు నవ్వి, కప్పు బోర్లించి వెళ్లిపోయాడు.

బోరింగు దగ్గర తన కిరాయి ట్రైసికిల్ కడుక్కుంటున్న అల్లుడు ఆర్నెల్ ఇదంతా విన్నాడు. "మాంగ్ ఉర్బానో, మీ పాముకి బుస ఆగలేదా ఇంకా?" అని అరిచాడు. ఆ ఊళ్లో అల్లుళ్లంతా మామను నాన్నా అనే పిలుస్తారు. ఆర్నెల్ మాత్రం పెళ్లయి రెండేళ్లయినా వీధిలోవాళ్లు ఏ పెద్దాయన్నైనా పిలిచినట్టే మాంగ్ ఉర్బానో అంటాడు. పంపుల రిపేరులో వచ్చిందంతా ఇత్తడి ముక్కలకూ రబ్బరు ముక్కలకూ తగలేసే మనిషిని నాన్నా అని పిలవడానికి తనకు నోరు రాదని భార్యతో ఒకసారి అన్నాడు. ఆ మాట గోడ ఇవతలికి వినిపించింది. ఉర్బానో విననట్టే ఊరుకున్నాడు. గుచ్చుకున్నది మాత్రం గుచ్చుకునే ఉంది.

ఆదివారం చర్చి నుంచి వస్తూనే గ్యాస్ కోసం సెవెరినో కొట్టుకు వెళ్లాడు. మంటలార్పే సిలిండర్లు నింపే కొట్టు అది. ఆ చుట్టుపక్కల ఆ గ్యాస్ దొరికేది అక్కడే. తలుపు మూసి ఉంది. సెవెరినో కోడిపందేల దగ్గర ఉన్నాడు. ఉర్బానో అక్కడికీ వెళ్లాడు. కంచె బయట నిలబడి చెయ్యి ఊపితే, సెవెరినో చంకలో కోడిపుంజుతో వచ్చి, సాక్షాత్తూ దేవుడే దిగివచ్చి అడిగినా ఆదివారం కొట్టు తెరవనని, రేపు తెల్లారగానే నింపి ఇస్తాననీ చెప్పి లోపలికి పోయాడు. సార్జెంటుకు ఫోను చేస్తే పలకలేదు. మెసేజీ పెడితే జవాబు రాలేదు.

"బాగున్న రెండూ ఇవాళ ఇచ్చేయి నాన్నా. మూడోది పోతే పోయింది," అంది కూతురు దేలియా. ఆమెకు నిండు నెలలు. కుర్చీలోంచి లేవాలంటే ముందు బల్ల పట్టుకోవాలి, తర్వాత దేవుణ్ణి తలుచుకోవాలి.

ఉర్బానో మొహం చూసి ఆర్నెల్‌కే జాలేసిందో ఏమో, అడ్డొచ్చాడు. "ఒక్క పూటలో ఏం కొంప మునుగుతుంది? ఇచ్చేది పోలీసులకేగా. లొంగిపోతానని స్టేషనుకు పోయే దొంగని దారిలో ఆపి కొడతారా ఎవరన్నా? రేపు నా బండిలో దించుతాలే, కిరాయి కూడా అడగను."

ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వింది ఎప్పుడో ఎవరికీ గుర్తులేదు.

సోమవారం పొద్దున సెవెరినో మాట నిలబెట్టుకున్నాడు. సిలిండరు ఇంటికి తెచ్చి ఉర్బానో మూడింటికీ గ్యాస్ పట్టాడు. గొట్టం కింది ట్యాంకు మీద తెల్లగా మంచు పట్టి వేళ్లు జివ్వుమన్నాయి. ఆర్నెల్ తుపాకిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఉర్బానో సబ్బు నురగ కుంచెతో అతుకులన్నిటికీ పూసి, బుడగ లేస్తుందేమోనని ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. నురగ కదల్లేదు. చెవి పెట్టి విన్నాడు. బుస లేదు. తర్వాత ఒక్కొక్కదానికీ వెనక చెక్కకు ఉన్న రబ్బరు బిళ్లను పక్కకు జరిపి, దాని కింద తాను స్వయంగా అమర్చిన చిన్న మరను నాణెంతో సగం తిప్పి బిగించాడు. ఆ మర బిగిస్తే గ్యాస్ ట్యాంకులోనే ఉంటుంది, గొట్టం దాకా రాదు. అప్పుడు ఎవరెంత నొక్కినా తుపాకి గుర్రం టిక్కుమంటుందే కాని గుండు కదలదు. ఇంట్లోకి పసిబిడ్డ రాబోతోందని ఆర్నెల్ సణుగుతుంటే పడలేక ఆరు నెలలు కూర్చుని మూడింటికీ చేసిన ఏర్పాటు అది. అది అక్కడ ఉందని తెలిసినవాళ్లు ఈ లోకంలో మామా అల్లుళ్లిద్దరే.

"హమ్మయ్య, పాము పడుకుంది," అన్నాడు ఆర్నెల్.

మూడింటినీ ఈత చాపలో చుట్టి ట్రైసికిల్ సీటు మీద పెట్టారు. తూటాల బిస్కెట్ల డబ్బా చాపలో ఇమడక దొర్లుతుంటే, ఆర్నెల్ తన సీటు కింది పనిముట్ల పెట్టెలో పడేశాడు. దేలియా వాకిట్లోకి వచ్చి, వచ్చేటప్పుడు వెనిగర్ సీసా తెమ్మంది.

వంతెన మొదట్లో టార్పాలిన్ కట్టి, పక్కన ఎన్నికల నిషేధం అని బోర్డు పెట్టారు. అక్కడ ఉన్నవాళ్లంతా కుర్రపోలీసులు. ఒక్క మొహమూ ఎరిగింది కాదు, యాస కూడా ఉత్తరాది వాళ్లది. వంతెన అవతల స్టేషను నీలం రేకుల కప్పు కనిపిస్తూనే ఉంది. వాళ్లు చెయ్యి అడ్డం పెట్టకముందే ఉర్బానో బండి ఆపించాడు. దిగి టోపీ తీసి, మేము మీ దగ్గరికే వస్తున్నాం బాబూ అని, చీరల మూట విప్పే వర్తకుడిలా చాప విప్పి పరిచాడు. చూడనీ అనుకున్నాడు. తుపాకుల కర్రకు నిన్ననే నూనె రాశాడు.

పర్మిట్ ఏదని అడిగారు. సార్జెంట్ లుసియానో తెమ్మన్నారని చెప్పాడు. ఆ పేరు గలవాడు ఎవరూ లేడన్నారు. నిన్న మధ్యాహ్నమే పాత స్టాఫునంతా వేరే జిల్లాలకు పంపేశారు. మరి అప్పగించడానికేగా తెస్తున్నాం, అదిగో స్టేషను అని ఉర్బానో చెయ్యి చాపి చూపించాడు. వాళ్లలో పెద్దవాడు, అంటే ముప్పయి దాటనివాడు, మర్యాదగానే చెప్పాడు. "నిషేధం నిన్న రాత్రి మొదలైంది తాతా. ఎక్కడికి తెస్తున్నారన్నది కాదు, గడప దాటిందా లేదా అన్నదే లెక్క." ఈలోగా ఇంకొకడు సీటు ఎత్తి పెట్టె తెరిచాడు. ఈ పెట్టె ఎవరిది అన్నాడు. నాదే అన్నాడు ఆర్నెల్. నిజమే కదా మరి.

స్టేషనుకు మొత్తానికి చేరారు, చేతులకు బేడీలతో. బల్ల మీద తుపాకులూ తూటాలూ పేర్చి, వెనక ఇద్దర్నీ నిలబెట్టి, వాటి వైపు వేలు చూపించమని ఫోటో తీశారు. ఈ నెలలోనే అతని ట్రైసికిల్ రూటు పర్మిట్ మళ్లీ రాయించుకోవాలి. నెత్తిన కేసున్నవాడికి అది ఇవ్వరు. బండిని కూడా పట్టుకెళ్లి వెనక దొడ్లో గొలుసు వేశారు.

మధ్యాహ్నం వీళ్ల తరఫున వాదించడానికి ప్రభుత్వం పెట్టిన లాయరు వచ్చింది. తాయగ్ అని పేరు, చిన్నమ్మాయి, పొద్దుటి నుంచి ఇలాంటివే నాలుగైదు చూసి అలిసిపోయి ఉంది. ఆ సమయానికి ఆర్నెల్‌ను బండి కాగితాల మీద సంతకానికి దొడ్లోకి తీసుకెళ్లారు. ఉర్బానో ఒక్కడే ఉన్నాడు. తప్పంతా తనదనీ, అల్లుడు ఉత్త డ్రైవరనీ, ఏం రాసినా తన మీదే రాయమనీ బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. తూటాలు దొరికింది అల్లుడి పెట్టెలో. కేసు ఇద్దరి మీదా ఉంది. శిక్ష పడితే ఏడాదికి తక్కువ పడదు, ఈ నేరానికి జైలుకు పంపకుండా వదిలే వీలు కూడా లేదు.

"ఇందులో తుపాకి మందు లేదమ్మా అటార్నీ. గ్యాసేగా. సోడాలో ఉండేది."

"మందా, గ్యాసా, గాలా అన్నది చట్టానికి పట్టదు మాంగ్ ఉర్బానో. గొట్టంలోంచి గుండు వస్తుందా రాదా, అంతే." ఆమె గొంతు తగ్గించింది. "ప్రాసిక్యూటరుకూ ఈ కేసు మీద పెద్ద ఇష్టం లేదు. ఎల్లుండి జిల్లా నుంచి టెక్నీషియన్ వచ్చి పేల్చి చూస్తాడు. పేలకపోతే పాత ఇనుమని రాసి ఇద్దర్నీ పంపేస్తానన్నాడు ప్రాసిక్యూటరు. పేలితే మాత్రం నా చేతుల్లో ఏమీ లేదు. ఆ రోజు మీరు నోరు విప్పకండి, మీ అల్లుడికీ ఆ మాట చెప్పండి. అంతే మీరు చేయాల్సింది."

ఉర్బానోకు మర గుర్తొచ్చింది. మర బిగించి ఉంది. రబ్బరు బిళ్ల కింద చూడాలని ఎవడికి తడుతుంది? ఆ మాట లాయరుకు కూడా చెప్పలేదు.

తుపాకుల్ని లాకప్పు ఎదుటి ఇనప బీరువా మీద పడుకోబెట్టారు. ఊచల్లోంచి మూడు గొట్టాల మూతులూ కనిపిస్తున్నాయి. మర ఒక అడ్డు. ట్యాంకే ఖాళీ అయిపోతే ఇక బెంగే లేదు. మంగళవారం పగలంతా ఉర్బానో ఊచలకు చెవి ఆనించి కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఆ బుస వినపడకూడదనే కదా వెదురు పుల్లలు, సబ్బు నురగలు, చూపు పోయేలా చేసిన పనీ. ఇప్పుడు ఆ బుస కోసమే, కారిపో తల్లీ, కారిపో అని మొక్కుతున్నాడు. పాత రింగైనా ఉంచి ఉంటే ఈపాటికి అదే కారిపోయేది. కొత్తది వేశాడు. చేజేతులా గట్టిగా, నలుసంత సందు లేకుండా వేశాడు. తన పనితనాన్ని తానే తిట్టుకున్నాడు. ఇంతలో రేకుల మీద వాన మొదలై ఇంకేమీ వినపడలేదు.

మర సంగతి, నోరు విప్పొద్దన్న సంగతి ఆర్నెల్‌కు చెప్పాలి. ఊచల అవతల కాపలావాడు, లోపల పక్కన ముక్కూమొహం తెలియని తాగుబోతు. ఉర్బానో జరిగి జరిగి అల్లుడి పక్కకు చేరి, "ఆర్నెల్, రేపు తుపాకులు..." అని మొదలుపెట్టాడు.

"ఆ మాట ఎత్తకండి," అన్నాడు ఆర్నెల్ గోడ వైపు తిరిగే. "మీకు చేతులెత్తి మొక్కుతా మాంగ్ ఉర్బానో. మీ తుపాకుల మాట నా దగ్గర ఇంకోసారి ఎత్తకండి."

ఉర్బానో మళ్లీ తన చోటికి జరిగాడు. ఏ మొహం పెట్టుకుని బలవంతంగా వినిపిస్తాడు? పోనీలే, అలిగినవాడు రేపు మాత్రం ఎవరితో మాట్లాడతాడు అనుకున్నాడు. అలా అనుకుని మనసు కుదుటపరుచుకున్నాడు పిచ్చి మనిషి.

వాన తగ్గాక దేలియా వచ్చింది, అన్నం, ఎండుచేప, నంచుకోను వెనిగరూ పట్టుకుని. సీసా తనే కొనుక్కుంది. ఆర్నెల్ ఊచల్లోంచి చెయ్యి చాపి ఆమె పొట్ట మీద ఆనించి చాలాసేపు తీయలేదు. ఇద్దరూ ఏదో గుసగుసలాడుకున్నారు. ఉర్బానో ఎడంగా జరిగి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అన్నీ నా మీద రాయండి, నా అల్లుణ్ణి వదిలేయండి అని నాన్న లాయరు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడట, కాపలావాడు చెప్పాడు అని దేలియా చెప్పింది ఆ గుసగుసల్లోనే. ఆమె వెళ్లాక ఆర్నెల్ తన ఆకులోని చేపను సగానికి తుంచి మామ అన్నంలో పెట్టాడు. ఉర్బానో ఆ చేప తిన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. కాని తుపాకుల మాట ఎత్తొద్దన్నాడు కదా, చేప పెట్టిన చేతిని మళ్లీ వెనక్కి తీసుకుంటాడేమోనని భయపడ్డాడు.

బుధవారం పొద్దున స్టేషను వెనక దొడ్లో ఇసక బస్తాలు పేర్చి, వాటికి ఒక చెక్క పలక ఆనించారు. మామా అల్లుళ్లను ఒకే బేడీకి తగిలించి బెంచీ మీద కూర్చోబెట్టారు. జిల్లా నుంచి వచ్చిన టెక్నీషియన్ కళ్లజోడు మనిషి, మోకాళ్ల దాకా బురద. దారిలో జీపు దిగబడిందట. త్వరగా ముగించుకుని పోవాలని చూస్తున్నాడు. లాయరు తాయగ్ గోడ పక్కన నీడలో నిలబడింది.

మొదటి తుపాకిలో తూటా పెట్టి గుర్రం లాగి నొక్కాడు. టిక్. ఇంకోసారి నొక్కాడు. టిక్. రెండోదీ అంతే. మూడోదాన్ని, ఉర్బానో నాన్న కొన్నదాన్ని, అటూ ఇటూ తిప్పి చూసి, ట్యాంకు మీద వేలితో కొట్టి, నొక్కాడు. టిక్.

"ఇవి ఎప్పుడో చచ్చాయి," అన్నాడు టెక్నీషియన్, పక్కన రాసుకుంటున్న పోలీసుతో. "గొట్టాలు. రాసెయ్."

లాయరు పెదవుల మీద ఏదో చిన్నది, నవ్వులాంటిది కదిలింది. ఉర్బానో కళ్లు మూసుకున్నాడు. దేలియా పొట్ట కనిపించింది, దొడ్లో గొలుసుతో ఉన్న బండి కనిపించింది, ఆ గొలుసు ఊడిపోవడం కూడా కనిపించింది.

బేడీ ఒక్కసారి పైకి లాగింది. ఆర్నెల్ లేచి నిలబడ్డాడు.

"అలా కాదు సార్."

ఉర్బానో బేడీని కిందికి లాగాడు. ఆర్నెల్ వంగి మామ చెయ్యి తట్టాడు, నువ్వుండు నేను చూసుకుంటా అన్నట్టు. ఆ తట్టడంలో ఇన్నేళ్లుగా లేని చనువు ఉంది. ఉర్బానో మళ్లీ లాగాడు, దగ్గాడు. లాయరు నీడలోంచి, కూర్చోండి మిస్టర్ ఆర్నెల్ అంటూనే ఉంది.

"చచ్చినవి కావు సార్ ఇవి. మా నాన్న చేతిపని. గొట్టాలంటే ఎట్లా? వెనక రబ్బరు బిళ్ల పక్కకి జరపండి. కింద మర ఉంటుంది. నాణెం పెట్టి ఎడమకి సగం తిప్పండి. పసిబిడ్డ ఇంట్లోకొస్తుందని జాగ్రత్త కోసం పెట్టాడు. తిప్పి కొట్టండి, మీరే చూద్దురుగాని. నిప్పుండదు, పొగుండదు, ఉత్త గాలి. దీనికోసమా ముసలాయన్ని ఇన్నాళ్లు కూర్చోబెట్టారు?"

టెక్నీషియన్ జేబులో చిల్లర వెతికాడు. బిళ్ల జరిపాడు. నాణెం తిప్పాడు. లోపల ఎక్కడో సన్నగా, ఊపిరి తీసుకున్నట్టు గ్యాస్ కదిలిన చప్పుడు ఒక్క ఉర్బానోకే వినిపించింది. టెక్నీషియన్ భుజానికి ఆనించి నొక్కాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. గట్టిగా దగ్గినట్టయింది. రేకుల మీది పావురాలు లేచిపోయాయి. పలక మధ్యలో అరచేయంత మేర జల్లెడైపోయింది. వెనక బస్తాలోంచి ఇసక సన్నగా కారడం మొదలైంది.

"చూశారుగా! పొగేది సార్, చూపించండి!" ఆర్నెల్ నవ్వుతున్నాడు. పోలీసుల వైపు, లాయరు వైపు, మామ వైపు తిరిగి తిరిగి నవ్వుతున్నాడు.

టెక్నీషియన్ పలక దగ్గరికెళ్లి కన్నాల్లో వేలు పెట్టి చూశాడు. వెనక్కి వచ్చి వాల్వు మీద బొటనవేలు రాసి, ఎవరు చేశారిది అని అడిగాడు. మా నాన్నే అన్నాడు ఆర్నెల్. చాలా బాగుందయ్యా, ఇంత పాతదాన్ని ఇలా నిలబెట్టినవాణ్ణి నేను చూడలేదు అన్నాడు టెక్నీషియన్. మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత మిగతా రెండింటి మరలూ తిప్పి పేల్చాడు. రాసుకునే పోలీసు వైపు తిరిగి, ముందు రాసింది కొట్టెయ్, మూడూ పనిచేస్తున్నాయని రాయి అన్నాడు.

లాయరు తాయగ్ సంచీ జిప్పు వేసుకుంది. ఉర్బానో వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఇద్దర్నీ జిల్లా జైలుకు జీపులో ఎక్కించారు. బండి ఆ దొడ్లోనే ఉండిపోయింది. వంతెన దాటేటప్పుడు వంతెన కింద చిత్తడి నేలలో బాతులు గుంపుగా వాలి ఉన్నాయి. ఆర్నెల్ వాటిని చూడలేదు. బేడీ కేసి చూసుకుంటున్నాడు. లాయరు మొహం, పోలీసుల మొహాలు, తను బెంచీ మీద నుంచి లేచినప్పుడు కిందికి లాగిన చెయ్యి, ఒక్కొక్కటే పోగేసుకుంటున్నాడని ఉర్బానోకు తెలుస్తూనే ఉంది. వంతెన దాటి చాలా దూరం పోయాక అడిగాడు.

"నేనేమన్నా తప్పు చేశానా నాన్నా?"

రెండేళ్లుగా ఏ పిలుపు కోసం చెవులు రిక్కించాడో ఆ పిలుపు అది. ఉర్బానో సంకెళ్ల చెయ్యి మెల్లగా జరిపి అల్లుడి మోకాలి మీద పెట్టాడు. చేతితో పాటే అల్లుడి చెయ్యి కూడా వచ్చింది.

"లేదురా. నువ్వేం తప్పు చేశావు?" అన్నాడు. "రబ్బరు బాగా పట్టింది, అంతే."